కాగితం లేకుండా ఏడు నిమిషాలు: ఉపన్యాసాన్ని ఇంట్లో దాచుకునే పద్ధతి

“స్టేజీ ఎక్కంగానే అంతా మర్చిపోతాండా సార్, ఏం చేయాల?” కర్నూలులో పంద్రాగస్టుకు ముందు, నవంబర్ ఒకటికి ముందు నాకు ఈ ప్రశ్న తప్పదు. పోటీలకు పోయే పిల్లలు అడుగుతారు. రిటైర్మెంట్ సభలో నాలుగు ముక్కలు మాట్లాడాల్సిన పెద్దవాళ్లు పక్కకు పిలిచి అడుగుతారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పీ చెప్పీ, మొత్తం వరుసగా ఒకచోట రాస్తే పోతుందనిపించింది.

బాదంపప్పులు, సరస్వతీ ఆకు సంగతి ఇందులో లేదు. ఏడెనిమిది నిమిషాల ఉపన్యాసాన్ని ఐదు రోజుల్లో తలకెక్కించుకోవడం ఎలాగో మాత్రమే ఉంది.

1. ముందు తేల్చుకోండి: మాటలా, సంగతులా?

ఇంటర్ చదివేటప్పుడు నేను నాలుగు పేజీలు బట్టీ పట్టి స్టేజీ ఎక్కాను. మూడో పేజీలో “తత్ఫలితంగా” అన్న మాట దగ్గర ఆగిపోయాను. దాని తర్వాతి మాట వస్తే తప్ప ముందుకు పోలేను. ఎందుకంటే నేను నేర్చుకున్నది ఒకే దారం, అది అక్కడ తెగింది. “తత్ఫలితంగా... తత్ఫలితంగా...” అని రెండుసార్లు అన్నాను. ముందు వరుసలో కూర్చున్న లెక్చరర్ ఒకరు జాలిపడి చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లతోనే దిగిపోయాను.

పాత రోమన్ వక్తృత్వ పుస్తకాలు జ్ఞాపకాన్ని రెండుగా విడదీశాయి: సంగతుల జ్ఞాపకం, మాటల జ్ఞాపకం. మొదటిది సులువు, రెండోది గాడిద చాకిరీ. అందుకే ఉపన్యాసంలో తొంభై శాతం సంగతుల వరుసగా పెట్టుకోవాలి. మాట మాటా కంఠస్థం చేయాల్సినవి ఇవే:

□ మొదటి రెండు వాక్యాలు
□ చివరి వాక్యం
□ పద్యం లేదా ఎవరైనా అన్న మాట ఉంటే అది
□ పేర్లు, సంవత్సరాలు

మిగతాదంతా నోటికి వచ్చినట్టు చెప్పొచ్చు. రోజూ తెలుగు మాట్లాడేవాళ్లకు మాటలకు కరువు రాదు. తప్పిపోయేది వరుస.

2. ఉపన్యాసాన్ని గుప్పెడు చేయడం

మొత్తం ఒకసారి రాయండి. తర్వాత దాన్ని ఎనిమిది, తొమ్మిది సంగతులుగా విడగొట్టండి. ఒక్కో సంగతికి ఒక్క మాట పేరు పెట్టండి. ఒక్క మాటలో ఇమడలేదంటే అక్కడ రెండు సంగతులు దూరాయని అర్థం, విడదీయండి. ఏడు నిమిషాలకు తొమ్మిది మించితే హడావుడి అవుతుంది.

ఇంకో జాగ్రత్త. ఒకటో శతాబ్దపు రోమన్ గురువు క్వింటిలియన్, ఏ మైనపు పలకల మీద రాసుకున్నావో ఆ పలకల మీది నుంచే నేర్చుకో అన్నాడు. ఆ మాట పేజీలో ఎక్కడుందో కన్ను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి. కష్టమైన చోట ఒక గుర్తు గీసుకోమన్నాడు, ఓడ సంగతైతే లంగరు, యుద్ధమైతే ఈటె. మనం దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తున్నాం. సోమవారం నోట్‌బుక్‌లో రాస్తాం, మంగళవారం వాట్సాప్‌లో మనకు మనమే పంపుకుంటాం, బుధవారం ఫాంట్ పెద్దది చేసి ప్రింట్ తీస్తాం. ప్రతిసారీ మాటలు చోటు మారతాయి. ఒకే కాగితం, చేత్తో రాసింది, చివరిదాకా అదే ఉంచండి.

3. ఇల్లు ఎంచుకోవడం

తొమ్మిది సంగతులను తొమ్మిది చోట్ల పెట్టి, మనసులో నడుస్తూ ఒక్కొక్కటే తీసుకోవడం ఈ పద్ధతి. కళ్లు మూసుకున్నా తడబడకుండా తిరగగలిగిన ఇల్లు కావాలి. ఇప్పుడుండే అపార్ట్‌మెంట్ కంటే చిన్నప్పుడు పెరిగిన ఇల్లే మేలు, అక్కడ మూలలు ఎక్కువ.

నేను వాడేది పత్తికొండ వైపు మా అవ్వ ఇల్లు. నడిచే వరుస ఇది:

1. వాకిలి ముందు వేపచెట్టు
2. అరుగు
3. గడప
4. పడసాల స్తంభం
5. దీపాల గూడు
6. గింజల గాదె
7. కట్టెల పొయ్యి
8. పెరట్లో నీళ్ల గాబు
9. మిద్దె మెట్లు
10. మిద్దె

చోట్లు ఎలా ఉండాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు లాటిన్ పుస్తకం ‘రెటోరికా అడ్ హెరెన్నియం’లో వివరంగా ఉంది. అందులో ఇప్పటికీ పనికొచ్చేవి చెబుతాను.

ఒకేలా ఉండే చోట్లు వద్దు. లేపాక్షికి పోయొచ్చినవాళ్లను మండపంలో స్తంభాల గురించి అడగండి, నేలకు పూర్తిగా ఆనని ఆ వేలాడే స్తంభం ఒక్కటే చెబుతారు. మిగతావన్నీ కలిసిపోయి ఉంటాయి. హాస్టల్ వరండాలో వరుసగా ఉన్న గదులు కూడా అంతే.

మరీ చీకటి వద్దు, మరీ వెలుగూ వద్దు. ఒకమ్మాయి కాలేజీ టూర్‌లో చూసిన బెలూం గుహలను దారిగా పెట్టుకుంది. సగం దూరం పోయాక తనకే ఏ సందులో ఉందో తెలియలేదు.

జనం తిరిగే చోటు వద్దు. రాజ్‌విహార్ సెంటర్‌ను తలుచుకుంటే ఆటోలూ హారన్లే వస్తాయి, మీ సంగతి రాదు.

ఆ పుస్తకం చోటుకూ చోటుకూ సుమారు 30 అడుగులు ఉండాలంటుంది. మన ఇళ్లలో అంత దూరం ఎక్కడిది! ఒకదాని ముందు నిలబడితే రెండోది అడ్డం రాకుంటే చాలు.

ఐదో చోట బంగారు చెయ్యి పెట్టుకోమంటుంది, లెక్క తప్పకుండా. సీమవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. పీర్ల పండగలో చూసిన పంజాను, అదే ఆ లోహపు చేతిని, ఆ గూటి పైన నిలబెట్టండి. పదో చోట మీ పదో తరగతి టీచర్‌ను నిలబెట్టండి. నడుస్తూ పంజా కనిపిస్తే సగం అయిపోయిందని తెలుస్తుంది, గడియారం చూడక్కర్లేదు.

ఉపన్యాసం సంగతి ఇంకా తలపెట్టకుండా, ఉత్త ఇల్లే ఒక పూటంతా తిరగండి. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. “ఏడో చోటు?” అనగానే పొయ్యి అనాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా బొమ్మలు పెట్టేవాళ్లే ఎక్కువమంది. పునాది లేని గోడ లేచినట్టే ఉంటుంది, నిలబడదు.

4. సంవత్సరాలకు కటపయాది

అంకెలు జారిపోతాయి, మాటలు నిలుస్తాయి. అంకెను మాట చేయడానికి మనకు పాత పద్ధతి ఉంది:

1: క, ట, ప, య
2: ఖ, ఠ, ఫ, ర
3: గ, డ, బ, ల
4: ఘ, ఢ, భ, వ
5: ఙ, ణ, మ, శ
6: చ, త, ష
7: ఛ, థ, స
8: జ, ద, హ
9: ఝ, ధ, ళ
0: ఞ, న

గుణింతాలు లెక్కలోకి రావు. మ, మా, మీ, మూ అన్నీ 5. సంగీతం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. మేచకళ్యాణి రాగం పేరులో మ 5, చ 6, దాన్ని తిప్పి చదివితే 65వ మేళకర్త రాగం. శాస్త్రంలో అంకెలు కుడి నుంచి ఎడమకు పోతాయి. మనకు ఆ తిప్పుడు అక్కర్లేదు, పలికిన వరుసలోనే చదువుకుందాం. శతాబ్దం ఎటూ తెలుసు కాబట్టి చివరి రెండంకెలు చాలు.

37: బాస. 52: మూర. 53: మేడ. 54: శివ. 56: మూత.

కళ్లకు కనపడే మాటో, చెవికి వినపడే మాటో దొరికేదాకా వెతకండి. ‘భావం’, ‘మతం’ లాంటివి పెట్టుకుంటే బొమ్మ కట్టలేరు.

5. బొమ్మలు పెట్టడం: ఒక ఉపన్యాసం మొత్తం

విషయం: కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లు. పై ఇంట్లో ఎలా సర్దానో చూడండి.

వేపచెట్టు. ఎత్తుగడ. కొండారెడ్డి బురుజు కొమ్మకు ఉయ్యాలలా వేలాడుతోంది. తాడు కిర్రుమంటోంది.

అరుగు. 1937, కోస్తా, సీమ నాయకుల శ్రీబాగ్ ఒడంబడిక. అది జరిగిన ‘శ్రీబాగ్’ మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు, అమృతాంజనం ఆయనదే. అందుకని ఇద్దరు పెద్దమనుషులు నుదుటికి అమృతాంజనం దట్టంగా పట్టించుకుని, చేతిలో చెయ్యి వేసి బాస చేసుకుంటున్నారు. ఘాటుకు నా కళ్లు మండాలి. బాస, 37.

గడప. పొట్టి శ్రీరాములు దీక్ష, 1952. గడపకు అడ్డంగా ఖాళీ కంచం, అందులో మూర మల్లెపూలు. దాటలేను. మూర, 52. ఇక్కడ బొమ్మను గట్టిగా కాకుండా మెత్తగా పెట్టాను. నవ్వు రాకూడని సంగతికి నవ్వొచ్చే బొమ్మ పెడితే స్టేజీ మీద ముఖం పట్టిచ్చేస్తుంది.

స్తంభం. 1953 అక్టోబర్ 1, ఆంధ్ర రాష్ట్రం. స్తంభం కొన మీద రెండంతస్తుల మేడ, సర్కస్‌లో లాగా ఊగుతోంది. మేడ, 53.

దీపాల గూడు. 11 జిల్లాలు, వాటితో పాటు బళ్లారి నుంచి మూడు తాలూకాలు. గూట్లో 11 దీపాలు కిక్కిరిసి వెలుగుతున్నాయి. పక్కన ఆదోని పత్తితో చేసిన మూడు ఒత్తులు, ఇంకా ముట్టించలేదు. ఆ మూడు పేర్లు ఆదోని, ఆలూరు, రాయదుర్గం. వాటి మొదటి అక్షరాలతో ఎవరో పిలుస్తున్నారు: “ఆ! ఆ! రా!” పైన పంజా.

గాదె. తలుపు తీస్తే లోపల సింహం, చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపిస్తోంది. మొదటి ముఖ్యమంత్రి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం. సింహం తోక పట్టుకుని వెనక ఒక కుర్రాడు: ఉపముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి.

పొయ్యి. హైకోర్టును గుంటూరులో పెట్టారు, 1954. నల్లగౌను జడ్జి గుంటూరు మిరపకాయలు వేయిస్తూ దగ్గు ఆపుకోలేక “శివ శివా” అంటున్నాడు. శివ, 54.

గాబు. 1956 నవంబర్ 1, రాజధాని హైదరాబాద్‌కు పోయింది. కర్నూలు పేరున్న బోర్డును గాబులో వేసి మూత పెట్టారు. మూత లేవకుండా పైన బరువుగా చార్మినార్. మూత, 56.

మెట్లు. ముగింపు. మెట్టు మీద చిన్నపిల్ల చెయ్యెత్తి నిలబడి ఉంది, ప్రశ్న అడగడానికి. నా చివరి వాక్యం ఆ ప్రశ్నే.

మిద్దె ఖాళీ. దాన్ని కావాలనే వదిలాను. ముందు మాట్లాడినవాళ్లు అన్న మాటొకటి పట్టుకుని జవాబివ్వాలనిపిస్తే అక్కడికక్కడే ఆ టీచర్ చేతిలో పెట్టేస్తాను.

బొమ్మ కదలాలి, వాసన రావాలి, కొంచెం అతిగా ఉండాలి. ఉత్తగా నిలబడ్డ ప్రకాశం పంతులు ఫొటో గాదెలో పెడితే రెండో రోజుకే మాయమవుతుంది. నా బొమ్మలను అరువు తీసుకోకండి. మీరు కట్టుకున్నదే మీకు నిలుస్తుంది. ఏఐతో బొమ్మలు గీయించుకున్నా ఇదే ఇబ్బంది.

6. అతుకులు

ఉపన్యాసం మరిచిపోయేది సంగతి మధ్యలో కాదు, సంగతికీ సంగతికీ నడుమ. అక్కడే “తర్వాత ఏంది?” అని గుండె జారుతుంది.

వేదం వల్లించేవాళ్ల క్రమపాఠం దీనికి మందు. ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని పదాలను జంటలుగా పలుకుతారు. మనం సంగతులను అలా పలుకుదాం. అరుగు మీది చివరి వాక్యం చెప్పి, గడప మొదటి వాక్యం చెప్పి ఆపేయండి. తర్వాత గడప చివరిది, స్తంభం మొదటిది. సంగతులు పూర్తిగా చెప్పొద్దు, అతుకులు మాత్రమే. తొమ్మిది సంగతులకు ఎనిమిది అతుకులు, రెండు నిమిషాల పని. ఒక్క రోజే టైమ్ ఉంటే మిగతావన్నీ వదిలి ఇదొక్కటి చేయండి.

7. పద్యం ఉంటే

చివరి పాదం నుంచి నేర్చుకోండి. వేమన పద్యమైతే నాలుగో పాదం మకుటమే, ఎలాగూ వచ్చు. మూడో పాదం నేర్చి మూడు-నాలుగు చదవండి. తర్వాత రెండు-మూడు-నాలుగు. చివరికి మొత్తం. ఇలా చేస్తే ఎప్పుడూ కొత్త పాదం నుంచి పాత పాదంలోకి నడుస్తారు, కాలు గట్టి నేల మీద పడుతుంది. మామూలుగా మొదటి పాదం వందసార్లు వచ్చి నాలుగోది ఎగిరిపోతుంది.

8. ఫోన్‌ను ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

□ ఇంటి చోట్లు వరుసగా పది ఫొటోలు తీసి ఒక ఆల్బమ్‌లో పెట్టుకోండి. బస్సులో తిప్పుతూ సంగతులు చెప్పుకోవచ్చు.

□ రికార్డింగ్ చేయండి, కానీ కాగితం చూసి చదివింది వద్దు. చూడకుండా చెప్పింది రికార్డు చేసి, తర్వాత వింటూ కాగితంతో సరిపోల్చండి.

□ వాయిస్ టైపింగ్ పెట్టి మొత్తం చెప్పండి. అక్షరదోషాలు పట్టించుకోవద్దు, ఏ సంగతి ఎగిరిపోయిందో తెర మీద కనపడుతుంది.

□ అంకి లాంటి కార్డుల యాప్‌లో పేర్లు, సంవత్సరాలు మాత్రమే వేయండి. మొత్తం ఉపన్యాసాన్ని కార్డులుగా కోస్తే వరుస పోతుంది.

చదివినదాన్నే మళ్లీ చదవడం మోసం చేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ముందురోజు రాత్రి పదిసార్లు చదివి “వచ్చేసింది” అనుకునేది ఆ ఐదు నిమిషాల సంబరమే.

చాట్‌జీపీటీ రాసిచ్చిన ఉపన్యాసాల గురించి కూడా అడుగుతున్నారు. సమాచారం తీసుకోండి, సరిచూసుకోండి. వాక్యాలు మాత్రం మీ నోటితో ఒకసారి చెప్పి, చెప్పినట్టు రాసుకోండి. “బహుముఖీన ప్రాధాన్యతను సంతరించుకున్న” అని మీరు ఇంట్లో ఎప్పుడైనా అన్నారా? అనని మాట స్టేజీ మీద ఎక్కడి నుంచి వస్తుంది!

9. ఐదు రోజులు

మొదటి రోజు: రాయడం, తొమ్మిది మాటలు చేయడం. సాయంత్రం ఉత్త ఇల్లు తిరగడం.

రెండో రోజు: బొమ్మలు పెట్టడం. కాగితం లేకుండా ఒకసారి, పైకి వినపడేలా. మనసులో చెప్పుకుంటే లెక్క లేదు. తప్పులొస్తే రానివ్వండి. పడుకునే ముందు ఒకసారి నడవండి. ఒక రాత్రి గడిస్తే జ్ఞాపకం గట్టిపడుతుందని క్వింటిలియన్ కూడా గమనించాడు.

మూడో రోజు: అతుకులు, పద్యం, అంకెలు. టైమర్ పెట్టి మొత్తం ఒకసారి.

నాలుగో రోజు: అవధానం పెట్టించుకోండి. ప్రొద్దుటూరు జంట కవులు దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి అవధానాలు చేసిన సీమ ఇది, ఆ మాత్రం చేయొచ్చు. అష్టావధానంలో ఒకరు గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో అవధాని లెక్కపెట్టుకోవాలి. ఇంకొకరు సంబంధం లేని ప్రశ్నలు వేసి ధ్యాస మళ్లిస్తారు. అన్నీ అయ్యాక పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పాలి, అది ధారణ. ఇంట్లో తమ్ముడికి గ్లాసూ చెంచా ఇచ్చి కూర్చోబెట్టండి. చెల్లిని మధ్యమధ్యలో “అక్కా, ఉగ్గానిలోకి బజ్జీలు ఎన్ని తేవాల?” అని అడగమనండి. జవాబు చెప్పి, ఆగిన చోటి నుంచి ఎత్తుకోవాలి. మొదటిసారి కోపం వస్తుంది. మూడోసారికి మైకు కీచుమన్నా, అతిథి ఆలస్యంగా వచ్చి దండలు వేయించుకున్నా మీరు చెదరరు.

ఐదో రోజు: ఒక్కసారి చెప్పి వదిలేయండి. కొత్త సంగతి చేర్చొద్దు.

10. చెడేది ఎక్కడ, సరిచేసేది ఎలా

ఒక చోట బొమ్మ రావడం లేదు. బొమ్మ ఆ చోటును తాకడం లేదని అర్థం. పొయ్యి పక్కన జడ్జి నిలబడితే చాలదు, మూకుడులో గరిటె తిప్పాలి.

బొమ్మ వస్తుంది, అర్థం రాదు. మరీ తెలివిగా కట్టారు. మొరటుగా మార్చండి.

రెండు సంగతులు తారుమారయ్యాయి. చోట్లు ఒకేలా ఉన్నాయి, ఒకటి మార్చండి.

అన్నీ వస్తున్నాయి, మాట పొడిగా ఉంది. ఇంటిలో తిరుగుతూ మాట్లాడుతున్నారు, ఎదుటివాళ్లను చూడటం లేదు. చోటు చేరగానే ఇంటిని వదిలి మనుషుల ముఖాలు చూడండి, సంగతి అయ్యాకే మళ్లీ ఇంట్లోకి.

11. స్టేజీ మీద

□ జేబులో తొమ్మిది మాటల చీటీ. తీయక్కర్లేదు, ఉంటే టెన్షన్ తగ్గుతుంది.
□ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. ఫోన్ చూసి చదువుతున్న ఒకాయనకు మధ్యలో లోన్ కాల్ వచ్చింది. మైకులో రింగ్‌టోన్, తెర మీద ఉపన్యాసం మాయం.
□ పీపీటీ ఉంటే అది లేకుండా కూడా ఒకసారి చెప్పి చూసుకుని ఉండాలి. కరెంటు మీ చేతిలో లేదు.
□ పిలవక ముందే కుర్చీలో కూర్చుని వేపచెట్టు నుంచి మెట్ల దాకా ఒక్క చుట్టు.

ఆగిపోతే క్షమించమని అడగొద్దు. నీళ్లు తాగండి. చివరి వాక్యాన్ని వేరే మాటల్లో ఇంకోసారి చెప్పండి. అది చెబుతూ తర్వాతి చోటుకు నడవండి. అక్కడా ఏమీ లేకపోతే దాన్ని దాటి పోండి. మీ కాగితం సభలో ఎవరి దగ్గరా లేదు, గూడు దాటేశారని ఎవరికీ తెలియదు.

12. తర్వాత ఇల్లు కడగడం

వారంలోపే ఇంకో ఉపన్యాసం ఉంటే పాత బొమ్మలు అడ్డం వస్తాయి. సింహం గాదెలోంచి దిగదు. రెండు దారులు పెట్టుకుని మార్చి మార్చి వాడటం మేలు, ఒకటి అవ్వ ఇల్లు, ఇంకొకటి చదివిన బడి. ఒకే ఇల్లుంటే మనసులోనే బకెట్ నీళ్లు తీసుకుని వేపచెట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కో చోటా కడుగుతూ రండి. అమృతాంజనం మరక, మల్లెపూలు, మిరప ఘాటు, అన్నీ కడప బండల మీదుగా తూములోకి పోవాలి. గాబు మూత తీసి బోరగించండి. బండలు ఆరాక కొత్త సంగతులు పెట్టుకోండి.